మేక వెంట్రుకతో ఫ్లై కట్టేటప్పుడు దారం ఎంత లాగినా ఎందుకు విచ్చుకోదు?

ఫ్లై అంటే గాలానికి వెంట్రుకలు కట్టి చేసే నకిలీ ఎర. విదేశీ వీడియోల్లో జింక వెంట్రుకతో దాన్ని కట్టడం చూసి, ఇక్కడ మేక వెంట్రుకతో అదే పని చేసి, "అన్నా, విచ్చుకోవట్లేదు, నీళ్లలో తేలట్లేదు" అని అడుగుతున్నారు. దారం ఇంకా గట్టిగా లాగమని ఎవరో సలహా కూడా ఇస్తున్నారట. దయచేసి ఆ మాట వినకండి, దారం తెగుతుంది అంతే.

జింక ఒంటి వెంట్రుక లోపల చిన్న చిన్న గాలి గదులు ఉంటాయి. దారం బిగించిన చోట అది అణిగి, రెండు పక్కలా లేచి నిలబడుతుంది, విచ్చుకోవడం అంటే అదే. తేలేది కూడా ఆ గాలి వల్లే. 1957లో అమెరికాలో ఆల్ ట్రోత్ అనే ఆయన తయారుచేసిన ఎల్క్ హెయిర్ కాడిస్ అనే తేలే ఫ్లై ఉంది, దాని రెక్క కూడా ఎల్క్ అనే పెద్ద జింక బోలు వెంట్రుకతోనే. మేక వెంట్రుక అంత బోలుగా ఉండదు కాబట్టి విచ్చుకోదు. కానీ నీళ్లలో అది మెలికలు తిరుగుతూ ఊగుతుంది. మన కొర్రమీనుకు ఆ ఊపు చాలు.

మన దగ్గర జింక వెంట్రుక జోలికి పోనే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. మేక తోలు ముక్క మటన్ షాపులో అడిగితే ఇస్తారు. ఉప్పు రాసి నీడలో ఆరబెట్టండి. మేకపోతు గడ్డం, వెన్ను మీది పొడుగు వెంట్రుకలైతే ఇంకా మంచిది.

ఇప్పుడు అసలు పని. చీపురు కట్ట గుర్తు తెచ్చుకోండి. చీపురు మరీ లావైతే మధ్య పుల్లలు ఊడిపోతాయి, ఎందుకంటే కట్టు బయటి పుల్లలనే పట్టుకుంటుంది. నున్నటి మేక వెంట్రుక కూడా అంతే. అగ్గిపుల్ల మందం కుచ్చు చాలు. లావుగా కావాలంటే ఒక్కటే పెద్ద కుచ్చు కాకుండా రెండు మూడు చిన్న కుచ్చులు వేరువేరుగా కట్టండి. చీపురును నేలకు తట్టి సమం చేస్తాం కదా, జింక వెంట్రుక మొనల్ని కూడా అలాగే గొట్టంలో వేసి తట్టి సమం చేస్తారు. మేక వెంట్రుకకు ఆ పని చేయకండి. మొనలు ఎగుడుదిగుడుగా ఉంటేనే తోక సన్నబడి చిన్న చేపలా కనిపిస్తుంది. నాకైతే మేక వెంట్రుకలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

కట్టే ముందు దువ్వెనతో అడుగు నూగు తీసేయండి. అది మిగిలితే కుచ్చు ఉబ్బి, కట్టు జారుతుంది. గాలం కాడ మీద ముందు దారం చుట్టాలి, ఒట్టి ఇనుము మీద వెంట్రుక నిలవదు. కుచ్చును వేళ్లతో పట్టుకుని రెండు వదులు చుట్లు వేసి, ఆ తర్వాతే బిగించండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తా. వెంట్రుక మొదళ్లు ఏటవాలుగా కత్తిరించండి. కట్టు మీద ఒక చుక్క గమ్. ఫ్లైకి కళ్లలా పెట్టే బరువు గుండ్లను గాలం కాడ పైవైపు కడితే ఫ్లై తిరగబడి గాలం మొన పైకి ఉంటుంది, నాచులో తక్కువ చిక్కుతుంది. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్య సహకార సంఘాలది, వాళ్లని అడిగాకే గాలం వేయండి.