సర్కస్ అమ్మాయి బొమ్మ, మన పన్ను డబ్బులు

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, కార్యవర్గానికి, లోపల ఇంకా పులిహోర కలుపుతున్న అక్కచెల్లెళ్లకు ఉగాది శుభాకాంక్షలు. ‘కళలు, మన పిల్లలు’ అనే అంశం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. మూడు విషయాలు రాసుకొచ్చాను. మొదటిది మ్యూజియంల గురించి. అక్కడే మొదలుపెడతాను.

ఇక్కడ అలబామాలో ఇన్నేళ్లుగా ఉంటున్నాం కదా, ఆబర్న్ యూనివర్సిటీ మ్యూజియంలోకి అడుగుపెట్టినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లినవాళ్లు కాదు, మ్యూజియంకి. నాలుగు చేతులు. సరే.

ఆ మ్యూజియం సేకరణలో ఒక పెయింటింగ్ ఉంది. సర్కస్‌లో పనిచేసే అమ్మాయి ఆట మధ్యలో కూర్చుని కాస్త అలుపు తీర్చుకుంటోంది. గీసినాయన పేరు యసువో కునియోషి. ఈ బొమ్మను 1946లో అమెరికా విదేశాంగ శాఖ ప్రజల డబ్బుతో కొన్నది. ఇదొక్కటే కాదు, మొత్తం 79 ఆయిల్ పెయింటింగులు, సుమారు 49 వేల డాలర్లకు. జార్జియా ఓకీఫ్, బెన్ షాన్, జేకబ్ లారెన్స్ లాంటి పేరున్న అమెరికా చిత్రకారులవి. అమెరికా అంటే కార్లు, సినిమాలే కాదు, మాకూ కళ ఉంది అని దేశదేశాల్లో చూపించాలని వాళ్ల ఆలోచన. ఎరువు తెచ్చిన బొమ్మల్ని కొన్నాళ్లకు తిరిగి ఇచ్చేయాలి కాబట్టి ఏకంగా కొనేశారు. అవి న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియంలో కనబడి, కొన్ని పారిస్‌కి, ప్రాగ్‌కి, మిగతావి క్యూబాకి, హైతీకి ప్రయాణం కట్టాయి.

అంతలో ఇక్కడ గొడవ లేచింది. ‘లుక్’ పత్రిక 1947లో ‘మీ డబ్బుతోనే ఈ బొమ్మలు కొన్నారు’ అంటూ ఫొటోలు వేసింది. ఇక్కడి చట్టసభ, అంటే అమెరికా కాంగ్రెస్ సభ్యులు విరుచుకుపడ్డారు. అధ్యక్షుడు ట్రూమన్ ఈ సర్కస్ అమ్మాయి బొమ్మను చూసి, ఇది కళే అయితే నేను ఫలానా తెగవాణ్ణి అంటూ ఒక ఆఫ్రికా జాతి పేరు ఎత్తి ఎగతాళి చేశాడు. ఒక్క మాటతో బొమ్మనీ, గీసినవాణ్ణీ, ఏ సంబంధం లేని ఒక జాతినీ కించపరిచాడు. విదేశాంగ మంత్రి మార్షల్ ప్రదర్శనను వెనక్కి రప్పించాడు. 1948లో వాటర్ కలర్లతో కలిపి 117 బొమ్మల్ని, యుద్ధంలో మిగిలిన సామాన్లు అమ్మే శాఖ చేత అమ్మించారు. విద్యాసంస్థలకు 95 శాతం తగ్గింపు! అన్నీ కలిపి వచ్చింది 5,544 డాలర్లు. అందులో 36 బొమ్మలు ఆబర్న్ వాళ్లకు 1,072 డాలర్లకే దొరికాయి. ఒక్కోటి ముప్పై డాలర్ల లోపే పడింది.

కునియోషి గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. టైమ్ అయిపోతోందని తెలుసు, క్షమించండి. ఆయన జపాన్‌లోని ఒకాయామాలో పుట్టి, 17 ఏళ్లప్పుడు 1906లో ఒంటరిగా ఈ దేశం వచ్చాడు. ఇక్కడే చదువుకున్నాడు, ఇక్కడే పాఠం చెప్పాడు. 1941లో జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేశాక ఆయన్ని శత్రుదేశపు మనిషిగా ముద్ర వేశారు. అయినా అమెరికా తరఫున యుద్ధం పోస్టర్లకు బొమ్మలు వేశాడు. పౌరసత్వం మాత్రం ఇవ్వలేదు, జపాన్ నుంచి వచ్చినవాళ్లకు ఇవ్వడానికి చట్టం ఒప్పుకోలేదు. 1952లో చట్టం మారింది, 1953లో ఆయన పోయాడు. అప్పటికీ పౌరుడు కాలేదు.

అయ్యా, నేను గ్రీన్‌కార్డు కోసం పద్నాలుగేళ్లు ఎదురుచూశాను. ఈ హాల్లో ఇంకా ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారు, వాళ్లకు చెప్పక్కర్లేదు. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ కేసులో మన భారతీయులు పౌరులు కావడానికి వీల్లేదని ఇక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది. మళ్లీ 1946లోనే ఆ దారి తెరుచుకుంది. ఆ బొమ్మలు ప్రయాణమైన ఏడే అది. అందుకే ఆ సర్కస్ అమ్మాయి ముందు నిలబడినప్పుడు నాకు గొంతు పట్టేసింది. దేశం ఎవరిని తనవాణ్ణని ఒప్పుకోలేదో, ఆయన బొమ్మనే ‘ఇది మా కళ’ అని ప్రపంచానికి చూపించబోయింది. కడదాకా చూపించనివ్వలేదు.

రెండో విషయం, డబ్బు. పెయింటింగ్ ఊరూరా తిరగాలంటే ప్రతి బొమ్మకూ దాని కొలతలకు చెక్కపెట్టె చేయించాలి. ఎండకీ తేమకీ పాడవకుండా ఏసీ ఉన్న ట్రక్కు, రాత్రి కాపలా, ఇన్సూరెన్స్ కావాలి. మా ఊరి చిన్న గ్యాలరీకి ఒకసారి టూరింగ్ ఎగ్జిబిషన్ రావాల్సింది. హాలు సిద్ధం, గోడలకు రంగులు కూడా వేయించారు. ట్రక్కు, ఇన్సూరెన్స్ లెక్క చూసేసరికి ఏడాది బడ్జెట్ దాటింది, వద్దనుకున్నారు. ఆ తెల్లగోడలు మూడు నెలలు ఖాళీగానే ఉన్నాయి. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ప్రదర్శనలో బొమ్మలకు నష్టం జరిగితే అమెరికా ప్రభుత్వమే భరించే చట్టం ఒకటి 1975 నుంచి ఉంది. మొదట విదేశాలతో ఇచ్చిపుచ్చుకునే ప్రదర్శనలకు, తర్వాత దేశం లోపల తిరిగేవాటికీ. కానీ ఆ నీడ కోట్ల విలువ చేసే పెద్ద ప్రదర్శనలకే అందుతుంది, మా గ్యాలరీ దాకా రాదు.

మా అనంతపురం పల్లెకి తోలుబొమ్మలాటవాళ్లు వచ్చేవాళ్లు. టిక్కెట్టు లేదు. ఇంటింటికీ తిరిగి జొన్నలు, కందులు పోగుచేసి ఊరే కొలిచి ఇచ్చేది. బొమ్మలాట చూడని ఇల్లు కూడా ఇచ్చేది. పబ్లిక్ ఫండింగ్ అంటే నాకు తెలిసింది అదే. ఎవరూ మా గింజలతో బొమ్మలా అని అడగలేదు, ఎందుకంటే ఆట మా గుడి ముందే జరిగేది. 1947లో అరిచినవాళ్లలో ఎక్కువమంది ఆ బొమ్మల్ని పత్రికలోనే చూసి ఉంటారు, గోడ మీద చూసే అవకాశమే వాళ్లకు వచ్చి ఉండదు.

మూడో విషయం వదిలేస్తున్నాను, కార్యదర్శి గారు వాచీ చూస్తున్నారు.

వాకిట్లో బల్ల మీద కాగితాలు పెట్టాను. మన సిటీ కౌన్సిల్‌కి రాసిన ఉత్తరం అది. చిన్న గ్యాలరీలకు వచ్చే టూరింగ్ ఎగ్జిబిషన్ల రవాణా, ఇన్సూరెన్స్ ఖర్చులో కొంత ఊరు భరించాలని అడిగాను. చదివి, నచ్చితేనే సంతకం పెట్టండి. వచ్చే శనివారం పొద్దున పదింటికి ఆబర్న్ వెళ్తున్నాను. నా వ్యాన్‌లో ఆరుగురు పిల్లలకు చోటుంది. పేర్లు అదే బల్ల మీద రాయండి, ఇడ్లీలు నేనే తెస్తాను.