విడి డెక్క ముక్కల నుంచి శిలాజ సన్యాసి పీతలను గుర్తించడం

సభలో ఉన్న అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

సన్యాసి పీత శరీరంలో శిలాజంగా నిలిచే భాగం దాదాపు ఒక్కటే, అది డెక్క, అంటే పట్టుకునే ముందుకాలు. ఈ జీవి పొట్ట మెత్తగా, మెలితిరిగి ఉంటుంది. ఖాళీ నత్తగుల్లలో దాచుకోవలసి వచ్చింది ఆ మెత్తదనం వల్లనే. వీపు మీది పెంకులో కూడా ముందు భాగం మాత్రమే కొంత గట్టిగా ఉంటుంది, వెనుక భాగం పలుచటి పొర. జీవి చనిపోగానే ఇదంతా కుళ్లి విడిపోతుంది. డెక్కలు మాత్రం కాల్షియం కార్బొనేట్‌తో దళసరిగా తయారవుతాయి, ఎందుకంటే చాలా జాతుల్లో పీత లోపలికి ముడుచుకున్నప్పుడు గుల్ల వాకిలిని మూసేది పెద్ద డెక్కే. అందువల్ల శిలాజ సన్యాసి పీతల గురించి మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం ఈ డెక్కల మీద, అవి కూడా చాలాసార్లు విరిగిన ముక్కల మీద ఆధారపడి ఉంది.

వరంగల్‌లో ఈ విషయం ఎందుకని మీరు అడగవచ్చు. మన కాళ్ల కింద ఉన్నవి భూచరిత్రలో బాగా పాతదైన ఆర్కియన్ కాలపు గ్రానైటు, నైస్ శిలలు. పాకాల వైపు దాని తరువాతి ప్రొటెరోజోయిక్ కాలపు అవక్షేపాలు వస్తాయి. భూపాలపల్లి మీదుగా గోదావరి లోయలోకి దిగితే బొగ్గుతో కూడిన గోండ్వానా రాళ్లు కనిపిస్తాయి. ఆ లోయలోని మలేరి ఎర్ర బంకమట్టి పొరలు, కోటా సున్నపురాయి పొరలు నదులూ సరస్సులూ వదిలినవి. కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలు యామన్‌పల్లి దగ్గర దొరికింది కోటా పొరల్లోనే. సముద్రపు సన్యాసి పీతకు అక్కడ చోటు లేదు. అయితే కోటాసారస్ వంటి జంతువులు బతికిన ఆ జురాసిక్ యుగపు తొలి దశలోనే, జర్మనీ, ఫ్రాన్స్ ప్రాంతాలను కప్పిన సముద్రంలో మనకు తెలిసిన అతి పురాతన సన్యాసి పీతలు ఉన్నాయి. స్కోబర్టెల్లా అనే ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, అక్కడి రాళ్ల నుంచే వర్ణించారు. మనకు అందుబాటులో ఉన్న సముద్రపు పొరలు చూడాలంటే గోదావరి వెంట దిగువకు పోవాలి. రాజమహేంద్రవరం దగ్గర పంగిడి, దుద్దుకూరు ప్రాంతాల్లో డక్కన్ లావా కింద టరిటెల్లా అనే సముద్రపు నత్త గుల్లలు నిండిన సముద్రపు పొరలు ఉన్నాయి. ఖాళీ నత్తగుల్లలు దొరికే నిస్సార సముద్రం సన్యాసి పీతకు అనువైన చోటు కనుక, అటువంటి పొరల మట్టిని జల్లెడ పట్టే విద్యార్థికి ఈ ముక్కలను చూసే పద్ధతి తెలిసి ఉండాలి.

ముందుగా భాగాల పేర్లు చూద్దాం. డెక్కలో అరచేయి వంటి వెడల్పు భాగం, దాని నుంచే ముందుకు సాగిన కదలని వేలు కలిసి ఒకే ఖండం. దానిని ప్రొపోడస్ అంటారు. దానికి కీలుతో అతుక్కున్న కదిలే వేలు డాక్టిలస్. అరచేతికి వెనుక మణికట్టు స్థానంలో ఉండే ఖండం కార్పస్. కీళ్ల దగ్గరి మెత్తని పొర మొదట కుళ్లుతుంది కాబట్టి ఇవి ఒకదానికొకటి దూరమై, వేరువేరు ముక్కలుగా రాతిలో చేరతాయి. పైగా పీత పెరిగేటప్పుడు కుబుసం విడుస్తుంది. ఒకే జంతువు నుంచి రెండుకు మించిన డెక్కలు అవక్షేపంలో చేరవచ్చు. కాబట్టి డెక్కలను లెక్కపెట్టి ఇన్ని పీతలు ఉన్నాయని చెప్పడం సరికాదు.

తరువాతి పని ఎడమా, కుడా అన్నది తేల్చడం. డెక్క వెలుపలి ముఖాన్ని మన వైపు తిప్పి, కదిలే వేలు ఉండే అంచును పైకి ఉంచాలి. అప్పుడు వేళ్ల కొనలు మన కుడి వైపుకు ఉంటే అది కుడి డెక్క, ఎడమ వైపుకు ఉంటే ఎడమ డెక్క. సూత్రం ఇంత తేలికైనా చిక్కు వెలుపలి ముఖం ఏదో నిర్ణయించడంలోనే వస్తుంది. సాధారణంగా వెలుపలి ముఖం మీద బొడిపెలు, ముళ్లు ఎక్కువగా ఉంటాయి, లోపలి ముఖం నునుపుగా ఉంటుంది. ముక్క అరిగిపోయి ఉంటే ఈ తేడా కనబడదు, అప్పుడు కార్పస్‌తో కలిసే కీలు గుబ్బల అమరికను, కదలని వేలు ఏ వైపుకు వంగి ఉందో చూసి నిర్ణయించాలి. ఈ మెట్టు దగ్గర పొరపడితే తరువాత చెప్పే ప్రతి మాటా తలకిందులవుతుంది. నా దృష్టిలో గుర్తింపు మొత్తంలో ఎక్కువ సమయం ఇవ్వవలసిన చోటు ఇదే, కానీ చాలామంది దీన్ని తొందరగా దాటేసి బొడిపెల దగ్గరకు పోతారు.

ఇప్పుడు అసలు సమస్యకు వద్దాం. రాతిలో దొరికిన విడి డెక్క సన్యాసి పీతదేనా? సముద్రపు ఇసుకలో, బురదలో బొరియలు చేసుకొని బతికే కాలియానాసిడ్ రొయ్యలకు కూడా శరీరమంతా పలుచన, డెక్కలు మాత్రమే గట్టి. అందుకని వాటివి కూడా విడి డెక్కలుగానే, పైగా చాలా ఎక్కువ సంఖ్యలో దొరుకుతాయి. ఈ రెండింటినీ కలగలిపిన చరిత్ర పాతది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ దగ్గర, జురాసిక్ తరువాతి క్రెటేషియస్ యుగపు సుద్ద పొరల్లో దొరికే డెక్కలకు 1822లో దెమారె అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పాగురస్ ఫౌజాసీ అని పేరు పెట్టాడు. పాగురస్ అంటే సన్యాసి పీతల ప్రజాతి. తరువాతి పరిశోధకులు అవి బొరియ రొయ్యలవని గుర్తించి, ఆ జాతిని మెసోస్టైలస్ ప్రజాతిలోకి మార్చారు. దెమారెను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. చేతిలో డెక్క మాత్రమే ఉన్నప్పుడు ఆనాడు అది సహజమైన ఊహ. ఈనాటికీ పాత సేకరణల్లో పాగురస్ అని చీటీ ఉన్న ముక్కలను మళ్లీ పరీక్షించవలసిందే.

తేడా ఎక్కడ పట్టుకోవాలి? బొరియ రొయ్య పెద్ద డెక్క అరచేయి రెండు పక్కల నుంచీ నొక్కినట్టు బల్లపరుపుగా ఉంటుంది. పక్క నుంచి చూస్తే దాదాపు నలుచదరం, పైఅంచూ కింది అంచూ పదునుగా, చాలాసార్లు సమాంతరంగా సాగుతాయి. కార్పస్ కూడా అరచేతి అంత ఎత్తుగా ఉండి, రెండూ కలిసి ఒకే పలకలా కనిపిస్తాయి. కింది అంచు వెంట వెంట్రుకలు మొలిచిన చిన్న రంధ్రాల వరుస ఉంటుంది. సన్యాసి పీత అరచేయి ఇలా కాక ఉబ్బుగా ఉంటుంది. అడ్డంగా కోసి చూస్తే కోత గుండ్రంగానో కోడిగుడ్డు ఆకారంలోనో కనబడుతుంది, అంచులు పదునుగా తేలవు. కదిలే వేలు కీలు కూడా నిటారుగా కాక ఏటవాలుగా ఉండటం వల్ల వేళ్లు కిందికీ పైకీ కాకుండా పక్కకు వాలుతూ తెరుచుకుంటాయి. కొన్ని ప్రజాతుల్లో, ఉదాహరణకు మన తూర్పు తీరంలో ఇప్పటికీ బతుకుతున్న క్లిబనేరియస్‌లో, ఆ కదలిక దాదాపు అడ్డంగానే సాగుతుంది. విరిగిన ముక్కలో కీలు గుంట ఒక్కటి మిగిలినా ఈ వాలు కొలవవచ్చు. అందుకే బొడిపెల కంటే కీలుకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఇక చుట్టూ ఉన్న రాయి చెప్పే మాటను కూడా వినాలి. గులకల వంటి ముద్దలతో గోడ కట్టిన ఒఫియోమోర్ఫా బొరియ లోపల డెక్క దొరికితే, బొరియ రొయ్య అన్న అనుమానం మరింత బలపడుతుంది. మామూలు పీతల డెక్కలతో గందరగోళం ఇంతకంటే తక్కువ. వాటి వేళ్ల మీద నమిలే పెద్ద దంతాలు ఉండటం, పెంకు బాగా దళసరిగా ఉండటం చాలావరకు బయటపెడతాయి.

సన్యాసి పీతే అని తేలిన తరువాత ఏ కుటుంబం అన్న ప్రశ్న వస్తుంది. బతికి ఉన్న వాటిలో పాగురిడే కుటుంబంలో సాధారణంగా కుడి డెక్క పెద్దది. డయోజెనిడే కుటుంబంలో చాలా ప్రజాతులకు ఎడమ డెక్క పెద్దది. ఈ సూత్రం ఆకర్షణీయంగా ఉన్నా దానిని ఒంటరి ముక్కకు తగిలించడం ప్రమాదం. డయోజెనిడేలోనే ఉంచే పెట్రోకైరస్‌కు కుడి డెక్క పెద్దది; క్లిబనేరియస్‌కు రెండూ దాదాపు సమానం. అసలు పెద్ద డెక్కా, చిన్న డెక్కా అన్నది ఒక్క ముక్కను చూసి తెలియదు, పెద్ద జంతువు చిన్న డెక్క చిన్న జంతువు పెద్ద డెక్క కంటే పెద్దదిగా ఉండవచ్చు. ఒకే పొర నుంచి ఎడమవీ కుడివీ తగినన్ని దొరికి, వాటి పరిమాణాలను పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడే ఈ ఆధారం పనికివస్తుంది. జీవించి ఉన్న సన్యాసి పీతలను శాస్త్రవేత్తలు వర్గీకరించేది మొప్పల అమరిక, నోటి దగ్గరి మూడవ జత మాక్సిలిపెడ్ల (తిండిని నోటికి అందించే చిన్న కాళ్ల) మొదళ్ల మధ్య దూరం, పొట్ట కింది కాళ్లు వంటి లక్షణాలతో. వీటిలో ఒక్కటీ మన ముక్కలో ఉండదు.

బొడిపెలు, గీతలు కొన్నిసార్లు నిజంగా సాయపడతాయి. డార్డానస్ ఆరోసోర్ అనే జాతి డెక్కల మీద అడ్డంగా పొలుసుల వంటి గీతలు వరుసగా ఉంటాయి. చిన్న ముక్క మీద కూడా ఆ అమరిక పట్టిస్తుంది. పెట్రోకైరస్ బొడిపెలు కూడా పొలుసుల్లా గుంపుగా ఉంటాయి. కానీ ఇక్కడ రెండు మోసాలు ఉన్నాయి. ఒకటి, అలలకు దొర్లిన ముక్క మీద బొడిపెలు అరిగిపోయి నునుపుగా తేలుతుంది. ఆ నునుపును జాతి లక్షణంగా రాసేవారు ఉన్నారు. రెండవది, పెంకు పూర్తిగా రాలిపోయి లోపల గట్టిపడిన మట్టి అచ్చు మాత్రమే మిగలడం. ఆ అచ్చు మీద వెలుపలి అలంకారం ఉండదు. పెంకు పైపొర మాత్రమే ఊడినప్పుడు వెంట్రుకల గుంటలు చుక్కలుగా బయటపడి కొత్త జాతి అనిపిస్తాయి. వర్ణన రాసేముందు పెంకు ఎంత మిగిలిందో విడిగా నమోదు చేసుకోవడం మంచిది. ఫొటో తీసేటప్పుడు అమ్మోనియం క్లోరైడ్ పొగతో ముక్కకు తెల్లటి పూత పట్టిస్తే రంగుల తేడాలు మాయమై ఎత్తుపల్లాలు మాత్రమే కనబడతాయి.

సందేహం లేని ఆధారం గుల్లలోనే చిక్కుకుపోయిన పీత. ఇంగ్లండ్‌లోని స్పీటన్‌లో, కింది క్రెటేషియస్ పొరల్లో, సింబిర్‌స్కైటిస్ అనే అమ్మోనైటు (చుట్టలు తిరిగిన గుల్ల ఉండి, ఇప్పుడు అంతరించిన సముద్ర జీవి) గుల్ల లోపల సన్యాసి పీత దొరికింది. రెనే ఫ్రాయే 2003లో దానిని పాలియోపాగురస్ వాండెనెంగెలి పేరుతో వర్ణించాడు. తరువాత రష్యాలో ఎగువ జురాసిక్ పొరల నుంచి కూడా అమ్మోనైటు గుల్లలో ఉన్న సన్యాసి పీతను వర్ణించారు. నత్తగుల్లలతో పాటు అమ్మోనైటు గుల్లలను కూడా ఇవి ఇళ్లుగా వాడుకున్నాయని వీటి వల్ల తెలిసింది. మన దృష్టికి ఇంకో లాభం ఉంది: ఇటువంటి నమూనాల్లో ఎడమ, కుడి డెక్కలు ఒకే జంతువుకు చెందినవని ఖాయం కనుక, విడి ముక్కలను పోల్చవలసింది వీటితోనే. అందువల్ల అమ్మోనైట్లను, పెద్ద నత్తగుల్లలను శుభ్రం చేసేటప్పుడు వాకిలి దగ్గరి మట్టిని సూదితో తవ్వి పారేయకుండా, భూతద్దం కింద పరిశీలించి తీయాలి.

చివరగా చీటీ రాసే సంగతి. కీలు వాలు, అరచేతి ఉబ్బు కనబడి, ఇంకేమీ తేలకపోతే 'పాగురాయిడియా, నిర్ధారించని ప్రజాతి' అని రాస్తే చాలు; పాగురాయిడియా అంటే సన్యాసి పీతల కుటుంబాలన్నీ చేరే పెద్ద వర్గం. దానిని అసంపూర్ణమైన పని అని ఎవరూ అనరు. ఎడమా కుడా, ఏ ఖండం, పెంకు మిగిలిందా లేక అచ్చేనా, ఏ పొర, దానితో పాటు దొరికిన గుల్లలు ఏవి అన్నవి ప్రజాతి పేరు కంటే ముందు రాయవలసిన వివరాలు. సాధన కోసం సముద్రం దాకా పోనక్కరలేదు. మన పొలాల గట్ల వెంట దొరికే ఎండ్రకాయ డెక్కలను ఉడికించి, ఖండాలుగా విడదీసి, ఎండబెట్టి, కలగలిపి, ఎడమవీ కుడివీ వేరు చేయండి. అవి సన్యాసి పీతవి కావు కానీ కీలు ఎలా పనిచేస్తుందో చేతికి తెలుస్తుంది. ఆ తరువాత వాటిలో కొన్నింటిని ఇసుకతో రుద్ది, బొడిపెలు పోయాక మళ్లీ వేరు చేయడానికి ప్రయత్నించండి.