ఎడారి అంచున రికార్డు చేసిన పాటలు: మొరాకో గాయని ఊమ్

అందరికీ నమస్కారం. మొరాకో సంగీతం అనగానే మనలో చాలామందికి ఏ పేరూ తట్టదు. అందుకే ఇవాళ ఒక్కరి గురించే మాట్లాడతాను. ఆవిడ ఊమ్. పూర్తి పేరు ఊమ్ ఎల్ ఘైత్ బెన్‌సహ్రావి. 1978లో కాసాబ్లాంకాలో పుట్టారు, మరాకేష్‌లో పెరిగారు, రబాత్‌లో ఆర్కిటెక్చర్ చదివి పాట వైపు వచ్చేశారు.

మొదట్లో ఆమెది పూర్తిగా పశ్చిమ దేశాల బాణీ: గాస్పెల్, సోల్, జాజ్. 2000 తర్వాత కాసాబ్లాంకా కుర్రకారు రాక్, రాప్ బృందాలు కట్టి, ఇంట్లో మాట్లాడుకునే అరబీలో, అంటే దారిజాలో పాడసాగారు. ఈ ఊపునే 'నాయ్డా' అన్నారు. అందరికీ నచ్చిందనుకోకండి, 2003లో 14 మంది హెవీ మెటల్ రాక్ సంగీతకారులను కోర్టుకెక్కించారు. పుస్తకాల అరబీకీ బజారు అరబీకీ ఉన్న దూరం సంగతి గిడుగు వారి పోరాటం తెలిసిన మనకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఊమ్ కూడా దారిజాలోనే రాసుకున్నారు. 2009లో 'లీకూమ్', 2012లో 'స్వీర్తీ' ఆల్బమ్‌లు వచ్చాయి.

నా దృష్టిలో అసలు కథ 2015 నాటి 'జరాబీ'తో మొదలవుతుంది. సహారా అంచున ఉన్న ఎంహామిద్ ఎల్ ఘిజ్లాన్ అనే ఊళ్ళో దాన్ని రికార్డు చేశారు. అక్కడ తివాచీలు నేసే ఆడవాళ్ళే ఆ ఆల్బమ్‌కు ప్రేరణ. ఊద్ అనే అరబ్ తంత్రీవాద్యం మీద యాసిర్ రామి, తాళవాద్యాల మీద రానీ క్రిజా, ఇద్దరూ మొరాకో వాళ్ళే. ట్రంపెట్ యెల్‌ఫ్రిస్ వాల్డెస్‌ది, ఆయన క్యూబా మనిషి.

వాద్యాల ఎంపిక చూడండి. అరబ్ మఖామ్‌లలో, అంటే మన రాగాల్లాంటి వాటిలో, కొన్ని స్వరాలు పియానో మీటల మధ్యన పడతాయి. పియానో వాటిని పలకలేదు. వీణకున్నట్టు ఊద్‌కు మెట్లు ఉండవు కాబట్టి పలుకుతుంది. ట్రంపెట్ వాయించేవాడు కూడా పెదవుల బిగువుతో స్వరాన్ని కాస్త వంచగలడు. అందుకే ఈ రెండూ కలిసినప్పుడు ఒకదాని కోసం ఇంకొకటి తగ్గినట్టు అనిపించదు. డ్రమ్ లూప్ మీద నాలుగు ఊద్ మీటులు అతికించి ఫ్యూజన్ అనేవాళ్ళు బోలెడుమంది, వాళ్ళను వినే ఓపిక నాకు లేదు.

అలాగని ఆమె ఎడారిలోనే ఆగిపోలేదు. 2019లో 'దాబా' బెర్లిన్‌లో తయారైంది. కళాత్మక దర్శకత్వం పాలస్తీనా గాయని, ఊద్ విద్వాంసురాలు కమీలియా జుబ్రాన్‌ది. అందులో ఎలక్ట్రానిక్ శబ్దాలూ వినిపిస్తాయి. కొత్తగా వినేవాళ్ళు మాత్రం 'జరాబీ'తో మొదలుపెట్టండి, హెడ్‌ఫోన్స్‌తో అయితే మరీ మంచిది.