శివరాత్రికి విత్తనం, ఉగాదికి తీగ
(హనుమకొండలోని ఒక కాలనీ సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ శనార్తులు.

యూట్యూబ్‌లో తోటల వీడియోలు చూసేవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. నేనూ చూస్తాను. చిక్కేమిటంటే, బెంగళూరాయన మార్చిలో టమాటా నారు పెట్టమంటాడు, మనం పెట్టేస్తాం. ఏప్రిల్‌లో మొక్క ఏపుగా ఉంటుంది, పూత వస్తుంది, వచ్చిన పూతంతా రాలుతుంది. ఏం మందు కొట్టాలని అడుగుతారు. మందుతో ఆగేది కాదది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి సరిగా పనిచేయదు, పిందె పట్టదు. మన వరంగల్‌లో మార్చి సగం గడిచేసరికే ఆ ఎండ వచ్చేస్తుంది.

కాబట్టి మనకు దక్కే వసంతం శివరాత్రి నుంచి ఉగాది దాకానే. మాఘ బహుళ చతుర్దశి నుంచి చైత్ర పాడ్యమికి నెల మీద ఒకటి రెండు రోజులు, అంతే. చలి శివశివా అంటూ పోయిందంటే ఇక ఆలస్యం చేయొద్దు. ఉగాది నాటికి తీగ పందిరి అందుకోవాలి. వేరు లోతుకు పోయిన మొక్క మే ఎండను తట్టుకుంటుంది. ఉగాది పచ్చడి తిని తీరిగ్గా విత్తింది మొలకలోనే మాడుతుంది.

ఇప్పుడు పెట్టాల్సినవి సొర, బీర, కాకర, దోస, బెండ, గోరుచిక్కుడు. ఆకుకూరల్లో తోటకూర, పుంటికూర, బచ్చలి. బెండ గింజలు రాత్రి నానబెట్టి పొద్దున విత్తండి. కొత్తిమీర, క్యాబేజీ మీద ఆశ వదులుకోండి, వాటి రోజులు అయిపోయాయి. కుండీల్లో గంగవాయిలి కూర దానంతటదే మొలుస్తుంది, కలుపని పీకి పారేయకండి. పప్పులో దానికి సాటి లేదు, కనీసం నా లెక్కలో.

సొర పాదు గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్తాను. ఏటా వినే ఫిర్యాదే: పూలు బోలెడు, కాయ ఒక్కటీ లేదు. పూవు కింద వేలి కణుపంత పిందె ఉంటే ఆడపూవు, ఉత్త కాడ ఉంటే మగపూవు. సొర, బీర పూలు సాయంత్రం పూట విచ్చుకుంటాయి. సొర పూల మీదికి రావాల్సినవి చీకటి పడ్డాక తిరిగే రెక్కల పురుగులు. మూడో అంతస్తు డాబా మీదికి అవి వస్తాయన్న నమ్మకం లేదు. ఆ పని మనమే చేయాలి. అప్పుడే విచ్చిన మగపూవును తెంపి, రేకులు వెనక్కి ఒలిచి, నడుమనున్న పుప్పొడిని ఆడపూవు మధ్యలో మెల్లగా అద్దండి. పిందె కిందికి వంగి లావెక్కితే నిలిచినట్టు, పసుపెక్కితే పోయినట్టు. పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకుని పోతే లాభం లేదు, అప్పటికే పూవు వాడిపోతుంది. గుమ్మడి దీనికి ఉల్టా, తెల్లవారుజామున విచ్చి ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. ఇంకో కిటుకు, సొర తీగ కొస తుంచితే పక్కకొమ్మలు వస్తాయి, ఆడపూలు ఎక్కువగా వాటి మీదే పూస్తాయి.

డాబా మీద మట్టి నింపేవాళ్లు బరువు చూసుకోండి. ఒక ఘనపుటడుగు తడి మట్టి 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. చెరువు మట్టి ఎంత సారవంతమైనా డాబా మీదికి మట్టుకు కొద్దిగానే కలపండి.

ఇక ఇంటింటికీ కాక అందరం కలిసి చేయాల్సిన పని ఒకటుంది. మన రోడ్ల వెంట కానుగ, వేప ఈ రోజుల్లోనే ఆకు రాలుస్తాయి. పొద్దున్నే ఊడుస్తాం, కుప్ప చేస్తాం, అగ్గి పెడతాం. పొగకు పక్కింటి ముసలాయన దగ్గుతుంటాడు. ఆ అగ్గి పెట్టిన మనిషే జూన్‌లో వర్మీకంపోస్టు బస్తా కొనుక్కొస్తాడు. నాకైతే ఇది డబ్బు తగలబెట్టి మళ్లీ కొనుక్కోవడంలా ఉంటుంది. పార్కు మూలన మూడడుగుల గుంత తీసి, జానెడు ఆకు, పైన పేడ నీళ్లు, గుప్పెడు మట్టి, మళ్లీ ఆకు, ఇట్లా పేర్చుకుంటూ పోవాలి. తడి ఆరనీయకుండా పదిహేను రోజులకోసారి తిరగేస్తే మృగశిర కార్తెకు ఎరువు చేతికొస్తుంది. కొంత ఆకు గుంతలో వేయకుండా కుండీల మీద పరచండి, నీళ్లు మిగులుతాయి.

మేలో పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు. తాళం వేసి పోయే ఇంటి మొక్కకు నీళ్లెవరు పోస్తారో ఇప్పుడే అనుకోవాలి. ఎదురింటి వదినకు డాబా తాళంచెవి ఇచ్చిపోతే సరిపోతుంది.

విత్తనం కూడా ఇప్పుడే దాచుకోవాలి. చిక్కుడు తీగ మీద ఎండిన కాయలు కోసి, గింజలు బూడిదలో కలిపి డబ్బాలో పోయండి. ఏనుమాముల మార్కెట్‌కు కొత్త మిర్చి వచ్చే కాలమిది. మన వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తెలిసిన రైతు చేను నుంచి నాలుగు పండుకాయలు తెచ్చుకుంటే వానాకాలం నారుకు సరిపోతాయి. చేను అనడానికి కారణముంది. మిర్చి పక్క రకంతో ఇట్టే సంకరమవుతుంది, నాలుగు రకాలున్న డాబా మీద గింజకు గ్యారంటీ ఉండదు.

ప్రశ్నలుంటే అడగండి. కోతుల గురించి అడుగుతారని తెలుసు. వల కట్టడం తప్ప నా దగ్గర మందు లేదు. వల కలిసి కొందామంటే ఇప్పుడే పేర్లు రాసుకుందాం.