ఈ రాత్రికి ఫ్రాస్ట్ ఉందా? పాత దుప్పట్లతో తోటని కాపాడుకుందాం

[సాయంత్రం నాలుగు. పెరట్లో వంగ, మిరప మడి, వెనక కంచె మీద చిక్కుడు పాదు]

అందరికీ నమస్కారం. డాలస్‌లో నవంబరు మూడో వారం నడుస్తోంది, మధ్యాహ్నం దాకా చొక్కా చేతులు మడిచి తిరిగాం, ఇప్పుడు చూస్తే రాత్రికి 34 డిగ్రీల ఫారెన్‌హీట్ (నీళ్లు గడ్డకట్టే 32కి కాస్త పైన) అని, ఫ్రాస్ట్ అడ్వైజరీ, అంటే ఆకుల మీద మంచు పేరుకోవచ్చన్న హెచ్చరిక అని ఫోన్ మోగింది. ఇది విన్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది చిక్కుడే. మన చిక్కుడు పగలు పొట్టిగా అయితే గానీ పూత పట్టదు, వేసవంతా ఆకు వేసి వేసి అక్టోబరులో పూత మొదలుపెట్టి, సరిగ్గా గుత్తులు గుత్తులుగా కాయలు దిగే వేళకి ఈ మంచు వచ్చి పడుతుంది. పైగా ఇక్కడ తొలి ఫ్రాస్ట్ పడ్డాక మళ్లీ వారం పది రోజులు హాయిగా ఎండ కాయడం మామూలే. అంటే ఒక్క రాత్రి దాటిస్తే ఇంకో రెండు మూడు కూరలకి కాయలు దొరుకుతాయి. ఆ ఒక్క రాత్రి గురించే ఈ వీడియో.

[క్లోజప్: వంగ మొక్క మొదట్లో నేల మీద చెయ్యి]

మొదటి ఏడాది నేను చేసిన పని చెప్తాను. వంగ మొక్కకి దుప్పటి చుట్టి, గాలికి ఎగిరిపోకుండా కాండం దగ్గర తాడుతో మూటలా బిగించి కట్టాను. ఎంత జాగ్రత్తగా కట్టానో! పొద్దున విప్పితే ఆకులన్నీ వేడినీళ్లలో ముంచి తీసినట్టు వడిలి, ముదురాకుపచ్చగా, ముట్టుకుంటే తడితడిగా ఉన్నాయి. మధ్యాహ్నానికి నల్లబడిపోయాయి. చాలా బాధేసింది. తర్వాతి ఏడాది మా అత్తయ్య వచ్చినప్పుడు సాయంత్రం మడి దగ్గర కూర్చుని మట్టి మీద చెయ్యి పెట్టి, "నేల ఇంకా వెచ్చగానే ఉందమ్మా, చలంతా పైనే" అంది. అప్పుడు అర్థమైంది నాకు నా తప్పు.

దుప్పటి మొక్కని వేడి చెయ్యదు. మనం కప్పుకుంటే మన ఒంటి వేడి మనకే ఉంటుంది, మొక్కకి అలాంటి వేడి లేదు కదా. ఆ వేడి నేలలో ఉంది. పగలంతా ఎండకి కాగిన మట్టి రాత్రి ఆ వేడిని పైకి వదులుతుంది, మబ్బు లేకుండా, గాలి లేకుండా, చుక్కలు స్పష్టంగా కనిపించే రాత్రి అది ఆకాశంలోకి నేరుగా పోతుంది, ఆకు చుట్టూ ఉన్న గాలికన్నా కూడా ఆకే ఎక్కువ చల్లబడిపోతుంది. అందుకే వాతావరణ శాఖ వాళ్లు 36 అని చూపించినా ఆకు మీద తెల్లగా మంచు పేరుకోవచ్చు, ఎందుకంటే వాళ్లు కొలిచేది మనిషి ఎత్తులో ఉన్న గాలిని, మన మిరప మొక్క ఉన్నది నేల దగ్గర. మన దుప్పటి పనల్లా ఆ పైకి పోయే వేడిని ఆపి లోపలే ఉంచడం. కాండం దగ్గర తాడు కట్టానంటే నేల వేడి దుప్పటి బయటే ఉండిపోయినట్టు. దుప్పటి అంచు నేలని తాకాలి, మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే.

[ఇనుప చువ్వలు, పైపులు, దుప్పట్లు నేల మీద పరిచి]

నా మడి 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. రెండడుగుల ఇనుప చువ్వలు ఆరు తీసుకుని, పక్కకి మూడు చొప్పున సగం దాకా భూమిలోకి కొట్టాను. అర అంగుళం పీవీసీ పైపు 10 అడుగులది వంచి ఒక కొస ఈ చువ్వకి, రెండో కొస అవతలి చువ్వకి తొడిగితే బండి గూడులాగా నిలబడుతుంది, మధ్యలో దాదాపు 4 అడుగుల ఎత్తు వస్తుంది. అలా మూడు. ఇవి ఒకసారి పెడితే చలికాలం అయ్యేదాకా అక్కడే ఉంటాయి, దుప్పట్లే వేస్తూ తీస్తూ ఉంటాం. క్వీన్ సైజు దుప్పటి ఒక్కటి దీనికి చాలదు, అడ్డంగా వేస్తే నేలదాకా రాదు. రెండు దుప్పట్లు చెరో పక్క నుంచి వేసి నడినెత్తిన ఒకదాని మీద ఒకటి వచ్చేలా బట్టల క్లిప్పులు పెట్టండి, మూడోదాన్ని రెండు ముక్కలు చేసి రెండు కొసలూ మూసెయ్యండి. ఈ కొసలు చాలామంది వదిలేస్తారు, వేడంతా అక్కడి నుంచే పోతుంది. అంచుల మీద ఇటుకలు వరసగా పెట్టండి.

చిక్కుడు పందిరికి గూడు కట్టలేం. ఎంత పెద్ద దుప్పటి ఉంటే అంతది రెండు వైపులా నేలదాకా జారేలా వెయ్యడం, కుర్చీ ఎక్కి క్లిప్పులు పెట్టడం, అంతే. పైన కొంచెం చిగురు పోయినా కింద గుత్తులు దక్కుతాయి.

ప్లాస్టిక్ షీటు వాడొచ్చా అని అడుగుతారు. ఆకుకి తగిలితే తగిలినచోటల్లా మాడుతుంది, కాబట్టి గూడు మీద, దుప్పటి పైన మాత్రమే. మధ్యాహ్నమే మడికి బాగా నీళ్లు పెట్టండి, తడి మట్టి పొడి మట్టికన్నా ఎక్కువ వేడి దాచుకుంటుంది. కప్పడం మాత్రం పొద్దు గుంకకముందే అయిపోవాలి. తొమ్మిదింటికి టార్చి పట్టుకుని కప్పితే అప్పటికే సగం వేడి పోయి ఉంటుంది.

[మర్నాడు ఉదయం. దుప్పటి మీద తెల్లటి మంచు, వేలితో గీస్తే గీత పడుతోంది]

ఇదిగో చూడండి, ఉప్పు చల్లినట్టు దుప్పటి మీద ఉంది, లోపల మిరప ఆకు మెత్తగా పచ్చగా ఉంది. ఎండెక్కి 40 ఫారెన్‌హీట్ దాటాక తీసెయ్యండి, అలాగే ఉంచితే నేలకి ఎండ తగలదు, రేపు రాత్రికి వేడి ఉండదు. దుప్పట్లు ఆరేసుకోండి, తడిసిన గుడ్డ బరువుకి కొమ్మలు విరుగుతాయి. మెంతి, పాలకూర, ముల్లంగి, కొత్తిమీర గురించి టెన్షన్ పడకండి, ఈ మాత్రం చలికి అవి ఏమీ అనుకోవు. కరివేపాకు కుండీ మాత్రం ఇంట్లోకి తెచ్చేసుకోవాలి.

ఒకటి నిజం చెప్పాలి. పాత దుప్పటి బయటికన్నా లోపల 2 నుంచి 5 డిగ్రీల ఫారెన్‌హీట్ వెచ్చగా ఉంచుతుంది, అంతే. 28, అంతకంటే తక్కువ అని చెప్తే, లేదా ఉత్తర గాలి ఈడ్చి కొడుతుంటే దుప్పటి మీద ఆశ పెట్టుకోకండి. 2021 ఫిబ్రవరి 16న ఇక్కడ డాలస్-ఫోర్ట్‌వర్త్ (డీఎఫ్‌డబ్ల్యూ) విమానాశ్రయంలో మైనస్ 2 ఫారెన్‌హీట్ నమోదైంది, అలాంటి చలికి ఏ దుప్పటీ సరిపోదు. అలాంటి రోజు ముందు సాయంత్రమే బుట్ట పట్టుకుని వెళ్లండి. వంకాయలు, మిరపకాయలు లేతవైనా కోసెయ్యండి, పచ్చి టమాటాలు పచ్చడికి పెట్టండి, చిక్కుడు కాయలు ఈనెలు తీసి ఫ్రీజర్‌లో వెయ్యండి. గోంగూర మొదలంటా నరికి తెచ్చి వంటింట్లో పేపర్ పరిచి నలుగురూ కూర్చుని ఆకు దూయండి, మా ఇంట్లో పోయినసారి అలా దూసిన ఆకుకి రెండు పెద్ద సీసాల నిలవ పచ్చడి వచ్చింది.