ఓడ వచ్చేదాకా

అందరికీ నమస్కారం. సిద్ధాంతాల జోలికి వెళ్ళేముందు మీకో కథ చెప్తాను. అమెరికన్ పత్రికా రచయిత వాల్టర్ లిప్‌మన్ 1922లో చెప్పిన కథ ఇది.

1914లో ఒక సముద్ర ద్వీపం. కొద్దిమంది ఇంగ్లీషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు, జర్మన్లు అక్కడ కలిసిమెలిసి ఉంటున్నారు. టెలిగ్రాఫ్ లేదు. అరవై రోజులకోసారి టపా ఓడ వస్తుంది, వార్తలన్నీ దాంతోనే రావాలి. సెప్టెంబరు నడిమధ్యలో ఒక రోజు అందరూ రేవు దగ్గర గుమిగూడారు. పారిస్‌లో ఒక ప్రముఖురాలి మీద నడుస్తున్న హత్య కేసులో తీర్పు ఏమయిందో తెలుసుకోవాలని వాళ్ళ ఆత్రం. ఓడ కెప్టెన్ చెప్పింది మాత్రం వేరే సంగతి. యూరప్‌లో యుద్ధం మొదలై ఆరు వారాలు దాటిందట. ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ ఒక పక్క, జర్మన్లు రెండో పక్క. అంటే ఆ ఆరు వారాలూ వాళ్ళు నిజానికి శత్రువులు. కానీ స్నేహితుల్లాగే పలకరించుకున్నారు, స్నేహితుల్లాగే బతికారు.

ఈ కథ చదివి చాలా ఏళ్ళయినా నన్ను వదలదు. ఆ ద్వీపంలో యుద్ధం ఎప్పుడు మొదలైనట్టు? బయట జరిగినప్పుడా, కబురు తెలిసినప్పుడా? మనం దేన్ని బట్టి ప్రవర్తిస్తాం అంటే, ప్రపంచం గురించి మన తలలో ఉన్న బొమ్మను బట్టి. ఆ బొమ్మను గీసేది ఎవరు, ఎక్కడి నుంచి రంగులు తెస్తారు అన్నదే ఈ రోజు నా విషయం. రాజకీయ సంస్కృతి గురించి మాట్లాడే పండితులు ఒక గదిలో, మీడియా గురించి మాట్లాడేవాళ్ళు ఇంకో గదిలో కూర్చోవడం మామూలైపోయింది. ఆ మధ్య గోడ ఉండకూడదని నా నమ్మకం.

ముందు రాజకీయ సంస్కృతి. ఈ మాటను రాజనీతి శాస్త్రంలో నిలబెట్టినవాడు అమెరికన్ పండితుడు గాబ్రియెల్ ఆల్మండ్, 1956లో. రాజ్యాంగం కాగితం మీద ఎంత బాగున్నా, దాన్ని నడిపే మనుషుల మనసుల్లో రాజకీయాల పట్ల ఒక వైఖరి ఉంటుంది. ఏం తెలుసు, దేన్ని నమ్ముతారు, దేన్ని చూసి చిరాకుపడతారు, దేన్ని చూసి గర్వపడతారు అన్నవన్నీ కలిస్తే అదీ రాజకీయ సంస్కృతి. ఆల్మండ్, సిడ్నీ వెర్బా కలిసి అమెరికా, బ్రిటన్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, మెక్సికో దేశాల్లో వేలమందిని ఇంటర్వ్యూ చేయించి 1963లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళు చెప్పిన మూడు రకాలు విద్యార్థులకు కంఠతా వచ్చే ఉంటాయి. రాజ్యమనేది ఒకటుందన్న ఊసే పెద్దగా పట్టని స్థితి మొదటిది. ప్రభుత్వం ఉంది, అది చెప్తుంది, మనం వింటాం అనుకునేది రెండోది. నాకూ ఇందులో పాత్ర ఉంది అనుకునేది మూడోది. ఏ సమాజంలోనూ ఒక్కటే ఉండదు, మూడూ కలగలిసి ఉంటాయి.

నాకు ఈ వర్గీకరణ కన్నా వాళ్ళు అడిగిన ఒక ప్రశ్న ముఖ్యం. సారాంశం ఇది: మీ స్థానిక ప్రభుత్వం ఒక నిబంధన తేబోతోంది, అది చాలా అన్యాయమని మీకు అనిపించింది, అప్పుడు మీరేం చేయగలరు? కొందరు ఏమీ చేయలేం అన్నారు. కొందరు అధికారిని కలుస్తాం అన్నారు. ఇరుగుపొరుగును, తెలిసినవాళ్ళను కూడగడతాం అన్నవాళ్ళు అమెరికాలో మిగతా నాలుగు దేశాల కన్నా ఎక్కువ. ఈ ప్రశ్నను గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఈ సిద్ధాంతం మీద విమర్శలు గట్టిగానే వచ్చాయి. మనుషులకు నమ్మకం ఉంది కాబట్టి ప్రజాస్వామ్యం బాగా నడుస్తుందా, లేక వ్యవస్థ తమ మాట వింటోంది కాబట్టి వాళ్ళకు నమ్మకం పుడుతుందా? చెట్టు ముందా విత్తు ముందా అన్న పేచీ ఇది. కెరోల్ పేట్‌మన్ లాంటి రాజకీయ సిద్ధాంతకర్తలు ఇక్కడే పట్టుకున్నారు. పేదవాడు రాజకీయాలకు దూరంగా ఉంటే అది అతని సంస్కృతి అని సరిపెట్టేస్తే ఎలా? తలుపు కొట్టి కొట్టి ఎవరూ తీయక వెనక్కి వెళ్ళిపోయి ఉండొచ్చు కదా. ఈ విమర్శ నూటికి నూరుపాళ్ళూ సరైనదని నేననుకుంటున్నాను. "ఆ జనం అంతే, ఆ దేశం అంతే" అనే మాట చాలామంది నోట సులువుగా వస్తుంది. అది సిద్ధాంతం కాదు, తప్పించుకోవడం.

ఆ మాట తప్పనడానికి జర్మనీయే సాక్ష్యం. మీ దేశంలో దేన్ని చూసి గర్వపడతారు అని ఆ సర్వేలో అడిగితే, అమెరికాలో నూటికి 85 మంది ప్రభుత్వ, రాజకీయ వ్యవస్థల పేరు చెప్పారు. పశ్చిమ జర్మనీలో ఏడుగురు. నియంతృత్వాన్ని, ఓటమిని చూసి వచ్చినవాళ్ళు మరి. అదే జర్మనీలో 1978 నాటికి ఆ సంఖ్య 31కి చేరింది. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే అంత మార్పు. రాజకీయ సంస్కృతి రక్తంలో వచ్చేది కాదు, నేర్చుకునేది, మర్చిపోగలిగేది కూడా.

ఎక్కడ నేర్చుకుంటాం? ఇంట్లో, బడిలో, పని చేసే చోట. వీటన్నిటి మధ్యలోంచి పారేది మీడియా. ఇటలీలో 1970లో ప్రాంతీయ ప్రభుత్వాలు ఏర్పడ్డాయి. దేశమంతా ఒకే నమూనా, అయినా ఉత్తరాన బాగా నడిచాయి, దక్షిణాన కుంటుపడ్డాయి. తేడా ఎక్కడుందని అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ పుట్నమ్ వెతుకుతూ పౌర జీవనానికి కొన్ని కొలతలు పెట్టుకున్నాడు. ఆటల క్లబ్బులు, సాంస్కృతిక సంఘాలు ఎన్ని ఉన్నాయి, రెఫరెండాల్లో ఎంతమంది ఓటేస్తారు లాంటివి. ఆ కొలతల్లో ఒకటి, ఎన్ని ఇళ్ళలో వార్తాపత్రిక చదువుతారు అనేది. సంస్కృతిని కొలవబోయినవాడు కొలబద్దగా పత్రికను చేతిలోకి తీసుకోవలసి వచ్చింది! తర్వాత 2000లో అమెరికా గురించి రాస్తూ, జనం కలిసి కూర్చోవడం తగ్గిపోవడానికి ఒక కారణం టీవీ అని కూడా ఆయనే అన్నాడు.

ఇంకో మాట చెప్పి మీడియా దగ్గరికి వస్తాను. ముస్సోలినీ జైల్లో కూర్చుని ఇటలీ మార్క్సిస్టు ఆంటోనియో గ్రాంషీ నోట్సు రాసుకున్నాడు. పాలించేవాళ్ళ ఆలోచన "ఇది అందరికీ తెలిసిన సంగతే కదా" అన్నంత మామూలు విషయంగా మారిపోయినప్పుడే వాళ్ళ అధికారం గట్టిపడుతుందని ఆయన గ్రహించాడు. బలప్రయోగం అక్కర్లేకుండానే ఒప్పుకోలు వచ్చేస్తుంది. ఏ వార్త చూస్తున్నా నాకు ఈ మాట గుర్తొస్తుంది.

సరే, మీడియా. మొదట్లో అందరిదీ ఒకటే భయం. రేడియో ఒక సూదిమందు, ఎక్కిస్తే మనిషి మారిపోతాడు అని. 1940 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో 600 మందిని నెలల తరబడి మళ్ళీ మళ్ళీ కలిసి చూసింది. ప్రచారం చూసి పార్టీ మార్చినవాళ్ళు చాలా తక్కువ. ఎక్కువమంది ముందే ఒక వైపు ఉన్నారు, ఆ వైపు మాటలే విన్నారు. ఎటూ తేల్చుకోనివాళ్ళను కదిలించింది పత్రికా రేడియోల కన్నా తెలిసిన మనిషి మాట. వార్త ముందు శ్రద్ధగా చదివే ఒకరిని చేరుతుంది, వాళ్ళ నోటి నుంచి మిగతావాళ్ళకు వెళ్తుంది. దీన్నే రెండంచెల ప్రవాహం అన్నారు. టీవీలో వచ్చిన చర్చను నేను ఛానెల్ మార్చేసి తప్పించుకుంటాను. అదే మాట మా అన్నయ్య ఫోన్లో పంపితే తెరిచి చూస్తాను, సగం నమ్మేస్తాను కూడా. మీలో చాలామంది పరిస్థితీ ఇదే అయి ఉంటుంది.

అయితే మీడియాకు బలం లేదనా? లేదనుకున్నారు కొంతకాలం. ప్రశ్నే తప్పుగా వేశారు. 1968 అమెరికా ఎన్నికలప్పుడు మాక్స్‌వెల్ మెకూంబ్స్, డొనాల్డ్ షా అనే ఇద్దరు పరిశోధకులు, ఇంకా ఎవరికి ఓటెయ్యాలో తేల్చుకోని వందమందిని చాపెల్ హిల్ అనే ఊళ్ళో కలిశారు. దేశానికి ముఖ్యమైన సమస్యలేవి అని అడిగారు. అటు పత్రికలు, టీవీ ఏ సమస్యకు ఎంత చోటిచ్చాయో లెక్కగట్టారు. రెండు జాబితాలనూ పక్కపక్కన పెడితే దాదాపు అచ్చుగుద్దినట్టు ఒకటే. ఏమనుకోవాలో మీడియా మనకు చెప్పలేకపోవచ్చు. దేని గురించి అనుకోవాలో మాత్రం చెప్పేస్తుంది. దీన్ని ఎజెండా సెట్టింగ్ అంటున్నాం. ఇందులో నన్ను ఎక్కువ కలవరపెట్టేది చెప్పనివాటి జాబితా. పది రోజులు ఒకే గొడవ మీద అరిచినప్పుడు, ఆ పది రోజుల్లో రాకుండా పోయిన వార్తలేమిటో మనకెప్పటికీ తెలియదు.

దీని పక్కనే ఇంకోటుంది, చెప్పే తీరు. శాంతో అయ్యంగార్ అనే పరిశోధకుడు అమెరికాలో చేసిన ప్రయోగాలు నాకు చాలా ఇష్టం, కొంచెం నింపాదిగా చెప్తాను. పేదరికం మీద రెండు రకాల టీవీ వార్తలు. ఒకదాంట్లో ఒక తల్లి, చలి గది, బిల్లు కట్టలేని పరిస్థితి, కెమెరా ఆమె ముఖం మీద. రెండోదాంట్లో పేదరికం ఎంత పెరిగింది, ఏ పథకాల్లో ఎంత కోత పడింది అనే వివరణ. మొదటిది చూస్తే మనసు కరుగుతుందని, ప్రభుత్వం ఏదైనా చెయ్యాలంటారని మనమనుకుంటాం. జరిగింది తలకిందులు. ఒక్క మనిషి కథగా చూసినవాళ్ళు బాధ్యతను ఆ మనిషి మీదే ఎక్కువ వేశారు. మొత్తం సమస్యగా చూసినవాళ్ళు సమాజాన్ని, ప్రభుత్వాన్ని అడిగారు. మంచి మనసుతో కెమెరా పట్టుకున్న రిపోర్టర్ కూడా తెలియకుండానే పాలకులను ప్రశ్న నుంచి తప్పించగలడు. ఇలాంటి కథనాలు రోజుకొకటి చొప్పున ఇరవై ఏళ్ళు చూసిన సమాజంలో "ఎవడి ఖర్మ వాడిది" అనే ఆలోచన గట్టిపడితే, రేపు సర్వే చేసిన పండితుడు దాన్ని ఆ దేశపు రాజకీయ సంస్కృతి అని రాసుకుంటాడు. ఆ రెండు గదులూ ఒకటే అని నేను అనేది అందుకే.

సోషల్ మీడియా వచ్చాక ఇదంతా పాతబడిందని కొందరంటారు. నేనలా అనుకోవడం లేదు. 2010 నవంబరు ఎన్నికల రోజున అమెరికాలో 6 కోట్ల 10 లక్షల మంది ఫేస్‌బుక్ వాడకందార్ల మీద ఒక ప్రయోగం జరిగింది. కొందరికి "ఈ రోజు ఓటు వేయండి" అన్న సమాచారం కనిపించింది. ఎక్కువమందికి దాంతోపాటు, ఓటేశామని నొక్కిన స్నేహితుల ఫొటోలు కూడా కనిపించాయి. ఉత్త సమాచారం దాదాపు పనిచేయలేదు. ముఖాలు పనిచేశాయి, అందులోనూ దగ్గరివాళ్ళ ముఖాలు. ఈరీ కౌంటీలో 1940లో కనిపించిందే డెబ్బై ఏళ్ళ తర్వాత తెర మీద కనిపించింది. తేడా ఏమిటంటే, ఏ స్నేహితుడి మాట నా ముందుకు రావాలో అప్పుడు నేనే ఎంచుకునేవాణ్ణి. ఇప్పుడు ఒక కంపెనీ లెక్కలు ఎంచుతున్నాయి. ట్విట్టర్‌లో పదేళ్ళకు పైగా తిరిగిన వార్తలను పరిశీలించి 2018లో వచ్చిన అధ్యయనం ప్రకారం అబద్ధం నిజం కన్నా వేగంగా, దూరంగా వెళ్ళింది. ఆ తేడాకు కారణం బాట్లు, అంటే మనుషులు కాకుండా ప్రోగ్రాములు నడిపే ఖాతాలు, కాదు, మనుషులే.

ఇక చివరి విషయం. 2007 డిసెంబరు 31న అమెరికాలో సిన్సినాటి పోస్ట్ అనే దినపత్రిక మూతపడింది. పెద్ద పత్రికేం కాదు, అప్పటికి దాని సర్క్యులేషన్ 27,000. ఆ నగరంలో ఇంకో పత్రిక నడుస్తూనే ఉంది, టీవీలున్నాయి, ఇంటర్నెట్ ఉంది. అయితే నదికి అవతల కెంటకీలోని చిన్న పట్టణాల కౌన్సిళ్ళ గురించి, స్కూలు బోర్డుల గురించి ఎక్కువగా రాసేది పోస్టే. అది పోయాక అక్కడి స్థానిక ఎన్నికలను ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించారు. పోటీ చేసేవాళ్ళు తగ్గారు. ఓటేసేవాళ్ళు తగ్గారు. పదవిలో ఉన్నవాళ్ళే మళ్ళీ గెలవడం పెరిగింది. అక్కడివాళ్ళకు దేశ రాజధానిలో ఎవరు ఎవరిని తిట్టారో అదే గంటలో తెలిసిపోతుంది. తమ కౌన్సిల్‌లో నిన్న ఏం తీర్మానించారో తెలియడం కష్టమైంది.

ఆల్మండ్, వెర్బా ప్రశ్నను గుర్తుపెట్టుకోమన్నాను. అన్యాయమైన నిబంధన రాబోతోంది, మీరేం చేయగలరు? అందరూ ఆ ప్రశ్నలో రెండో సగాన్నే చూశారు, మొదటి సగాన్ని నేనూ చాలాకాలం పట్టించుకోలేదు. నిబంధన రాబోతోందన్న కబురు ఆ సర్వేలో ప్రశ్న అడిగే మనిషే ఇంటికొచ్చి, ఎదురుగా కూర్చుని చెప్పేశాడు. కెంటకీలోని ఆ పట్టణాల్లో 2008 జనవరి నుంచి ఆ కబురు చెప్పడానికి ఎవరు వస్తున్నారు?