అలంపూర్‌లో తుంగభద్ర గట్టు మీద నడక: అమ్మతో వెళ్ళొచ్చాక నా రివ్యూ

అందరికీ నమస్తే. పొద్దున ఆరున్నర అవుతోంది. మేం ఇప్పుడు అలంపూర్‌లో, తుంగభద్ర గట్టు మీద ఉన్నాం. మహబూబ్‌నగర్ నుంచి నిన్న సాయంత్రమే వచ్చేశాం. నా పక్కన అమ్మ ఉంది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి కూడా హాయిగా నడిచే నది ఒడ్డు మన దగ్గరే ఉందని చూపించడానికే ఈ వీడియో. జోగులాంబ అమ్మవారి దర్శనం చేసుకొని గంటలో కారెక్కేవాళ్ళే ఎక్కువ. నది గుడి వెనకాలే ఉన్నా అటు తిరిగి చూడరు. నాకు అదే బాధ.

ముందు టైం సంగతి. పోయినసారి మధ్యాహ్నం రెండింటికి వచ్చి చాలా తప్పు చేశాం. గుడి ఆవరణలో బండలు కాలిపోతున్నాయి, చెప్పులు వేసుకోవడానికి లేదు. నీడ నుంచి నీడకు పరిగెత్తలేక అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎండాకాలమైనా, వేరే కాలమైనా తొమ్మిదిలోపే నడక ముగించుకోండి.

ఇక నడక. గట్టు మీద ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు. అమ్మ నా చెయ్యి పట్టుకోకుండానే నడిచింది. మధ్యలో రెండుసార్లు కూర్చుంది, అంతే. ఒకవైపు నీళ్ళు, ఇంకోవైపు కాస్త పల్లంలో గుళ్ళ శిఖరాలు. శ్రీశైలం ప్రాజెక్టు నిండితే వెనక నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయి, ఇప్పుడు అలాగే నిండుగా ఉంది. అదిగో, ఒకాయన పుట్టిలో కూర్చొని వల తీస్తున్నాడు. తెడ్డు ఒక్కసారి వేస్తే పుట్టి గుండ్రంగా తిరుగుతోంది, ఆయన మాత్రం కదలకుండా కూర్చున్నాడు. అమ్మ చాలాసేపు ఆయన్నే చూసింది. "గంగా స్నానం, తుంగా పానం అంటరు గదా బిడ్డా, ఈ నీళ్ళే గదా" అంది.

ఒక్క జాగ్రత్త. ఘాట్ దగ్గర నీటిలో మునిగిన మెట్లకు పాచి పట్టి ఉంటుంది. పెద్దవాళ్ళను పై మెట్టు మీదే కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోయండి. పూలు, అగరబత్తి కవర్లు కూడా నదిలో వేయకండి, దయచేసి. ఒడ్డు పొడుగునా అవే తేలుతున్నాయి, చూస్తే మనసు పాడవుతుంది.

గట్టు దిగితే నవబ్రహ్మ ఆలయాలు. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టినవి. పేరు బ్రహ్మదే అయినా లోపల ఉన్నది శివుడు. కొంచెం తల ఎత్తి శిఖరం కొన చూడండి: ఉసిరికాయను పైనుంచి నొక్కితే ఎలా ఉంటుందో అలా చారలు చారలుగా ఒక రాయి. దాన్ని ఆమలకం అంటారు, అంటే ఉసిరికాయే. తొమ్మిదింటిలో తారక బ్రహ్మ శిఖరం ఒక్కటే వేరే తీరులో, దక్షిణాది పద్ధతిలో ఉంటుంది. తొందరపడకుండా విశ్వ బ్రహ్మ, స్వర్గ బ్రహ్మ గుళ్ళ గోడల చుట్టూ ఒక్కసారి తిరగండి, చాలు. అమ్మవారి పాత గుడి ఎప్పుడో ధ్వంసమైంది. ఇప్పుడున్నది 2005లో కట్టింది. అప్పటిదాకా అమ్మవారు బాల బ్రహ్మ గుడిలోనే పూజలందుకున్నారు.

ఓపిక ఉంటే కూడవెల్లి సంగమేశ్వరాలయం తప్పకుండా చూడండి. కృష్ణా, తుంగభద్ర కలిసేచోట ఉండేది. శ్రీశైలం నీళ్ళలో మునిగిపోతుందని రాయి రాయి విప్పి ఇక్కడికి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. పాపనాశి గుళ్ళదీ అదే కథ. ఊరు మునిగినా గుడిని బతికించుకున్న ఆ పని దగ్గర నేను రెండు నిమిషాలు మాట్లాడలేకపోయాను.

మిగతా రోజుకు రెండు దారులు. హైదరాబాద్ వైపు వెళ్ళేవాళ్ళు బీచుపల్లిలో ఆగండి, హైవే పక్కనే కృష్ణ ఒడ్డున ఆంజనేయస్వామి గుడి. మేం మాత్రం గద్వాల మీదుగా జూరాల వెళ్ళాం. గద్వాల కోటలో చెన్నకేశవస్వామి గుడి చూసి, అమ్మకు చీర కొన్నాం. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. వేళ్ళతో తడిమితే నూలుకు పట్టు అతికిన చోటు తెలుస్తుంది. జూరాలలో వరద రోజుల్లో గేట్లు ఎత్తితే జనం బాగా ఉంటారు, పిల్లల చెయ్యి వదలకండి. అక్కడ చేపల ఫ్రై వేడిగా పెనం మీద నుంచి తీసి ఇస్తారు. కారం ఎక్కువ, రుచి ఇంకా ఎక్కువ.

కారులో అమ్మ చీర కవర్ ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. "ఎండాకాలం నీళ్ళు తగ్గినంక ఇంకోసారి తీస్కపో బిడ్డా. ఆ గట్టు కింద బండలు తేలుతయంట, చూడాలె" అంది. ఏప్రిల్‌లో వెళ్తున్నాం, తెల్లారకముందే.